తెలియని సంగతిని దాచిపెట్టే మనసు

మనస్తత్వశాస్త్రం పాఠ్యపుస్తకం ఏది తెరిచినా అయిదు అధ్యాయాలు తప్పకుండా కనిపిస్తాయి: సంవేదన (ఇంద్రియం సంకేతాన్ని అందుకోవడం), ప్రత్యక్షం (దానికి మెదడు అర్థం ఇచ్చుకోవడం), అవధానం (ధ్యాస), నిద్ర, స్మృతి (జ్ఞాపకం). ఒక్కో అధ్యాయంలో కొన్ని నిర్వచనాలు, నాలుగు ప్రయోగాలు, రెండు సిద్ధాంతాలు. ఈ పాఠాలు చదివే విద్యార్థులకు నేను చాలాకాలంగా సాయం చేస్తున్నాను. నిర్వచనాలు వాళ్లకు బాగానే వస్తాయి. తేడా పసిగట్టాలంటే మార్పు అసలు మొత్తానికి ఒక నిష్పత్తిలో ఉండాలనే వెబర్ నియమాన్ని తడుముకోకుండా చెబుతారు. నేర్చుకున్నది కాలం గడిచేకొద్దీ ఎలా మరిచిపోతామో చూపే ఎబింగ్‌హాస్ విస్మృతి వక్రరేఖను గీసి చూపిస్తారు. కానీ ఈ అయిదు అధ్యాయాలూ కలిసి ఒకే మాట చెబుతున్నాయని, ఆ మాట తమ బతుకుకు సూటిగా తగిలేదని చాలామందికి తట్టదు. ఏ గదికి ఆ గది తలుపు మూసినట్టు విడివిడిగా నేర్పితే తట్టే వీలు కూడా లేదు.

ఆ మాట ఇది. మన చూపులో, వినికిడిలో, అవధానంలో, జ్ఞాపకంలో ఖాళీలు ఉన్నాయి. మనసు వాటిని తనకు తోచినట్టు పూడ్చేస్తుంది, పూడ్చిన జాడ కూడా మనకు కనపడనివ్వదు. అందువల్ల ‘నాకు ఖాయంగా తెలుసు’ అన్న భావన ఎంత బలంగా ఉన్నా, మనకు నిజంగా ఎంత తెలుసో దాన్నిబట్టి లెక్కగట్టలేం. ఈ సంగతిని పట్టించుకోకపోవడం వల్ల విద్యార్థులు వృథాగా చదువుతున్నారు, నిద్ర చాలనివారు బండ్లు నడుపుతున్నారు, ఏ పాపం ఎరుగనివారు జైళ్లలో మగ్గుతున్నారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోవలసిన విషయం కాదిది.

కంటితో మొదలుపెడదాం, ఎందుకంటే దీన్ని ఎవరైనా ఇప్పుడే చేసి చూసుకోవచ్చు. తెల్ల కాగితం మీద ఎనిమిది సెంటీమీటర్ల ఎడంతో రెండు గుర్తులు పెట్టండి. ఎడమవైపు చిన్న కూడిక గుర్తు, కుడివైపు నల్లటి చుక్క. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని చేయి చాచినంత దూరం నుంచి మెల్లగా దగ్గరకు తెచ్చుకోండి. ఇంచుమించు ముప్పై సెంటీమీటర్ల దూరానికి వచ్చేసరికి చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరకు తెస్తే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనాలోని నాడీతంతువులన్నీ ఒకచోట కట్టగా కూడి కంటి నుంచి మెదడువైపు బయల్దేరతాయి. ఆ చోట కాంతిని గ్రహించే కణాలు లేవు. దాన్నే అంధబిందువు అంటారు.

పుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. నాకు మాత్రం అసలు ఆసక్తి ఇక్కడే మొదలవుతుంది. చుక్క మాయమైనప్పుడు దాని స్థానంలో ఏం కనిపించింది? నల్లటి గుంట కనిపించలేదు, మసక కూడా కనిపించలేదు. శుభ్రమైన తెల్ల కాగితం కనిపించింది. ఆ చుక్క మీదుగా ఒక గీత గీసి మళ్లీ చూడండి, చుక్క పోయినా గీత తెగకుండా సాగినట్టే కనిపిస్తుంది. అక్కడి నుంచి మెదడుకు ఏ సమాచారమూ అందడం లేదు. చుట్టుపక్కల ఉన్నదాన్నిబట్టి మెదడు అక్కడ ఏదో ఒకటి ఉంచుతోంది. ఈ ఖాళీ చిన్నదేమీ కాదు, ఆకాశంలో పది పూర్ణచంద్రులను పక్కపక్కన పేర్చితే అందులో పట్టేస్తారు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎడ్మ్ మారియట్ 1660ల్లో కనిపెట్టేదాకా ఇంత ఖాళీ తమ కంట్లో ఉందని లోకానికి తెలియదు. మనుషులకు కళ్లు ఉన్నంత కాలంగా ఆ ఖాళీ ఉంది. తనంతట తానుగా అది ఎవరికీ కనపడలేదు, ఎలా వెతకాలో తెలిసినవారికే దొరికింది.

అద్దం ముందు నిలబడి ఒకసారి మీ ఎడమ కంటిని, ఒకసారి కుడి కంటిని మార్చి మార్చి చూడండి. మీ కనుగుడ్లు కదలడం మీకు కనిపించదు. పక్కన నిలబడ్డవారికి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. చూపు ఒకచోటి నుంచి మరోచోటికి దూకే ఆ క్షణంలో దృశ్య సమాచారాన్ని మెదడు అణిచివేస్తుంది. మనం మేలుకుని ఉన్నంతసేపూ సెకనుకు ఇంచుమించు మూడుసార్లు ఇలా జరుగుతూనే ఉంటుంది. అయినా లోకం మనకు తెంపు లేకుండా సాగుతున్నట్టే ఉంటుంది.

సంవేదన, ప్రత్యక్షం వేర్వేరని పుస్తకం చెబుతుంది. మొదటిది ఇంద్రియం అందుకున్న సంకేతం, రెండోది దానికి మెదడు ఇచ్చుకున్న అర్థం. హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే ఈ రెండోదాన్ని మనకు తెలియకుండా సాగే ఊహగా గుర్తించాడు. అందిన సంకేతం ఎప్పుడూ అరకొరే. దానికి కారణం ఏమై ఉంటుందో పాత అనుభవాన్నిబట్టి మెదడు అంచనా వేస్తుంది, ఆ అంచనానే మనం ‘చూడటం’ అనుకుంటాం. ఈ మాటను ఇప్పటికీ చాలామంది దృష్టి భ్రమల బొమ్మలకే పరిమితం చేసి చెబుతారు. చెవి దగ్గర ఇది ఇంకా బాగా బయటపడుతుందని నా అభిప్రాయం.

1970లో రిచర్డ్ వారెన్ అనే పరిశోధకుడు ఒక ఇంగ్లీషు వాక్యాన్ని రికార్డు చేసి, అందులోని ఒక పదంలో ‘స’ ధ్వనిని పూర్తిగా కత్తిరించి, ఆ జాగాలో దగ్గు శబ్దం పెట్టాడు. విన్నవారిలో దాదాపు అందరూ వాక్యంలో ఏ లోపమూ లేదన్నారు. లేని ‘స’ వాళ్లకు వినిపించింది. దగ్గు వినిపించిందా అంటే వినిపించిందన్నారు, అది వాక్యంలో సరిగ్గా ఎక్కడ వచ్చిందో చూపించమంటే చూపించలేకపోయారు. ఆ చివరి సంగతి దగ్గర కాస్త ఆగాలి. లేని ధ్వనిని మెదడు కల్పించడమే ఒక వింత. కల్పన ఏ చోట జరిగిందో చెప్పగలిగే ఏకైక ఆధారాన్ని, అంటే దగ్గు స్థానాన్ని, మసకబార్చడం అంతకన్నా పెద్ద వింత.

‘తెలుసుకుంటే సరిపోతుంది కదా, జాగ్రత్తపడతాం’ అని కొందరంటారు. సరిపోదు. ముల్లర్-లయర్ గీతల సంగతే చూడండి. రెండు గీతలూ సమానమే, ఒకదాని చివర బాణం కొనలు లోపలికి, మరోదానికి బయటికి ఉంటాయి. 1889 నుంచి ఆ బొమ్మ పుస్తకాల్లో ఉంది. స్కేలుతో కొలిచి సమానమని తేల్చుకున్నాక చూసినా ఒకటి పొడుగ్గానే కనిపిస్తుంది. కొలత మన జ్ఞానాన్ని మారుస్తుంది, చూపు మాత్రం మారదు. మనసు గురించి చదివినంత మాత్రాన మనసు చేసే ఈ పని ఆగదు. నా వాదనకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే జాగ్రత్తగా ఉండాలన్న సంకల్పం మీద ఆధారపడే పరిష్కారాలు ఎందుకు పనిచేయవో ఇది చెబుతుంది. అక్కడ పనికొచ్చింది స్కేలు. అలాంటి బయటి కొలతే కావాలి.

అవధానం దగ్గరకు వస్తే, డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ 1999లో ప్రచురించిన గొరిల్లా ప్రయోగం అందరికీ తెలిసిందే. ఒక వీడియోలో బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెడుతున్నవారిలో దాదాపు సగం మంది, ఆట మధ్యలోకి గొరిల్లా వేషంలో వచ్చి గుండెలు బాదుకుని వెళ్లిన మనిషిని చూడలేదు. ఈ ప్రయోగాన్ని చాలామంది నవ్వుకోవడానికి చెప్పుకుంటారు. 2013లో వచ్చిన మరో ప్రయోగం చదివితే నవ్వు రాదు. ఊపిరితిత్తుల స్కాన్లలో కణుతులు వెతకడంలో ఆరితేరిన 24 మంది రేడియాలజిస్టులకు కొన్ని స్కాన్లు ఇచ్చారు. చివరి స్కాన్‌లో మామూలు కణితికి 48 రెట్లు ఉన్న గొరిల్లా బొమ్మను చేర్చారు. 20 మందికి అది కనపడలేదు. వాళ్ల కంటి కదలికలను కూడా నమోదు చేశారు. చూడనివారిలో సగానికి పైగా వైద్యుల చూపు సరిగ్గా ఆ గొరిల్లా మీదుగానే వెళ్లింది. అంటే కన్ను దాని మీద పడింది, సంకేతం లోపలికి వెళ్లింది, అయినా ఏదీ అనుభవంలోకి రాలేదు.

ఆ వైద్యులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్లు తమ పనిని నిష్ఠగా చేస్తున్నారు, ఆ నిష్ఠే మిగతావాటిని మూసేసింది. ఒకదాని మీద అవధానం నిలపడమంటేనే మిగిలినవాటిని వదిలేయడం. చిక్కంతా వదిలేసినదానికి ఏ గుర్తూ మిగలకపోవడంలో ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నా, తాకకుండా స్పీకరులో మాట్లాడినా, ఫోనులో మాట్లాడుతూ కారు నడిపేవారి చురుకుదనం తగ్గుతుందని డేవిడ్ స్ట్రేయర్ అనే పరిశోధకుడి బృందం 2001లోనే చూపించింది. చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి పరవాలేదని నడిపేవారు అనుకుంటారు. తమ కళ్లముందే ఉండి తాము చూడని పాదచారి వాళ్ల అనుభవంలో ఎప్పటికీ ఉండడు. అందుకే ‘ఇన్నేళ్లుగా మాట్లాడుతూనే నడుపుతున్నాను, ఏమీ కాలేదు’ అని ఎవరైనా అంటే, ఆ మాటకు సాక్ష్యంగా ఏ విలువా లేదంటాను. చూడనివాటి లెక్క చూడనివారి దగ్గర ఎలా ఉంటుంది?

నిద్ర విషయంలో నాకు కోపం కూడా ఉంది. ‘నాకు అయిదారు గంటలు చాలు, అలవాటైపోయింది’ అని గొప్పగా చెప్పుకునేవారు ప్రతిచోటా ఉంటారు, వాళ్లను చూసి విద్యార్థులు నేర్చుకుంటారు. 2003లో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్, వారి సహచరులు ఈ మాటను ప్రయోగశాలలో పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్నవారిని మూడు బృందాలు చేసి 14 రోజులపాటు ఒక బృందాన్ని రాత్రికి నాలుగు గంటలు, ఒక బృందాన్ని ఆరు గంటలు, మరొక బృందాన్ని ఎనిమిది గంటలు మంచం మీద ఉండనిచ్చారు. తెర మీద సంకేతం రాగానే మీట నొక్కాల్సిన సాదా పరీక్ష పెడుతూ వచ్చారు. నాలుగు, ఆరు గంటలవారి పనితనం రోజురోజుకూ దిగజారుతూనే పోయింది, చివరికి ఒకటి రెండు రాత్రులు బొత్తిగా కన్ను మూయనివారి స్థాయికి చేరింది. కానీ ‘మీకు ఎంత నిద్ర వస్తోంది’ అని అడిగినప్పుడు వాళ్లిచ్చిన జవాబులు మొదటి కొద్దిరోజుల తర్వాత పెద్దగా మారలేదు. పనితనం పడిపోతోంది, పడిపోతున్న సంగతి మాత్రం వాళ్లకు తెలియడం లేదు. ‘అలవాటైపోయింది’ అన్న మాటకు అర్థం ఇదే. అలవాటైంది నిద్రలేమి కాదు, దాన్ని గుర్తించకపోవడం.

కాఫీ సంగతి ఇక్కడే చెప్పాలి. మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అది తన కబురు అందుకునే గ్రాహకాలకు అతుక్కున్నప్పుడు మనకు మగత వస్తుంది. కాఫీలోని కెఫీన్ వెళ్లి ఆ గ్రాహకాలను ఆక్రమిస్తుంది. అడినోసిన్ ఎక్కడికీ పోదు, కబురు అందడం మాత్రం ఆగిపోతుంది.

నిద్రను స్మృతికి శత్రువుగా, అంటే చదువుకునే సమయాన్ని తినేసేదిగా లెక్కవేయడం దీనికి తోడైన మరో అన్యాయం. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు, నేర్చుకున్న తర్వాత మేలుకుని గడిపినప్పటికన్నా నిద్రపోయినప్పుడు ఎక్కువ గుర్తుంటుందని చూపించారు. 1994లో విల్సన్, మెక్‌నాటన్ ఎలుకల మెదళ్లలో, కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో, పగలు తిరిగినప్పుడు కలిసి పనిచేసిన కణాలే ఆ తర్వాతి గాఢనిద్రలోనూ కలిసి పనిచేయడం నమోదు చేశారు. పగటి అనుభవాన్ని మెదడు రాత్రి మళ్లీ నెమరువేస్తోందన్న మాట. పరీక్ష ముందురోజు రాత్రంతా మేలుకునేవారు చదువుకు సమయం కలుపుకుంటున్నామనుకుంటారు. చదివినది స్థిరపడే సమయాన్నే కోసి పారేస్తున్నారు.

చదవడం గురించి మాట వచ్చింది కాబట్టి ఒక ప్రయోగం వివరంగా చెబుతాను, విద్యార్థులకు నేను ముందుగా చెప్పేది కూడా ఇదే. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో ఒకే పాఠాన్ని రెండు రకాలుగా చదివించారు. ఒక బృందం నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. మరో బృందం ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో పుస్తకం మూసి గుర్తున్నదంతా రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూనే ఉన్నవారిదే పైచేయి. వారం తర్వాత పెడితే వాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసి చూసుకున్నవారికి 61 శాతం గుర్తుంది. ఇంతకుముందు చెప్పిన కథే మళ్లీ ఇక్కడా: వారం తర్వాత బాగా గుర్తుంటుందని గట్టిగా నమ్మింది పదేపదే చదివినవారు. చదివినకొద్దీ పేజీ కళ్లకు అలవాటవుతుంది, ఆ అలవాటును మనసు ‘వచ్చేసింది’ అని చదువుకుంటుంది. పుస్తకం మూసి ఖాళీ కాగితం ముందు కూర్చుంటే తప్ప ఎంత రాలేదో బయటపడదు.

స్మృతి లోపం ఎప్పుడూ అతినమ్మకంవైపే ఉంటుందా అంటే, ఉండదు. హెన్రీ మోలైసన్ అనే వ్యక్తికి 1953లో మూర్ఛలు తగ్గడానికి చేసిన శస్త్రచికిత్సలో రెండువైపులా హిప్పోకాంపస్‌లో పెద్ద భాగాన్ని తీసేశారు. ఆ తర్వాత ఏ కొత్త సంఘటనా ఆయన జ్ఞాపకంలో నిలవలేదు. అయినా బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించినప్పుడు రోజురోజుకూ చెయ్యి తిరిగింది. తాను ఆ పని ముందెప్పుడైనా చేసినట్టు మాత్రం ఆయనకు తెలియదు. నేర్చుకోవడం ఒక తావున, నేర్చుకున్నట్టు తెలియడం మరో తావున జరుగుతాయనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక జ్ఞాపకం మీద మన నమ్మకం సంగతి. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడే ఉల్‌రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో ఆ వార్త తమకు ఎక్కడ, ఎలా, ఎవరి ద్వారా తెలిసిందో రాయించి భద్రపరిచాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని అవే ప్రశ్నలు అడిగారు. పాత జవాబులతో పోల్చి మార్కులు వేస్తే ఏడుకు సగటున మూడు కూడా రాలేదు. 11 మందికి సున్నా వచ్చింది. అయినా తమ జ్ఞాపకం మీద నమ్మకానికి అయిదుకు సగటున నాలుగుకు పైగానే వేసుకున్నారు. స్వయంగా తాము రాసిన పాత కాగితం ముందు పెట్టినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకాన్ని మళ్లీ కూర్చుకుంటాం. అలా కూర్చినప్పుడు తర్వాత విన్నవి, చదివినవి, ఎవరో అడిగిన ప్రశ్నలోని ఒక్క మాట సైతం అందులో కలిసిపోతాయి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం సినిమా చూపించి, కొందరిని కార్లు ‘ఢీకొన్నప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని, కొందరిని ‘తుక్కుతుక్కుగా గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అన్న ప్రశ్నకు రెండో బృందంలో 50 మందిలో 16 మంది చూశామన్నారు, మొదటి బృందంలో 50 మందిలో ఏడుగురే. సినిమాలో పగిలిన గాజు లేనే లేదు.

ఇది ప్రయోగశాల దాటి న్యాయస్థానంలోకి వెళ్లినప్పుడు ఏమవుతుందో రోనాల్డ్ కాటన్ అనుభవించాడు. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక కళాశాల విద్యార్థిని మీద అత్యాచారం జరిగింది. ఆమె ఆ భయంలో కూడా నేరస్థుడి ముఖాన్ని శ్రద్ధగా గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించింది. పోలీసులు చూపించిన ఫొటోల్లో నుంచి కొన్ని నిమిషాలు తటపటాయించి కాటన్ ఫొటోను ఎంచుకుంది. బాగా చేశావని పోలీసులు ధైర్యం చెప్పారు. తర్వాత మనుషులను వరుసగా నిలబెట్టినప్పుడు మళ్లీ అతన్నే చూపించింది, ఫొటోలో ఎంచుకున్నదీ ఇతన్నేనని పోలీసులు చెప్పారు. విచారణ నాటికి ఆమె మనసులో అణుమాత్రం సందేహం లేదు. అసలు నేరస్థుడిని తర్వాత కోర్టులో ఎదురుగా నిలబెట్టినా, అతన్ని ఎన్నడూ చూడలేదంది. పదేళ్లకు పైగా జైల్లో గడిపాక 1995లో డీఎన్‌ఏ పరీక్ష కాటన్ నిర్దోషి అని తేల్చింది.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఈ మాట నేను ప్రతిసారీ నొక్కి చెబుతాను. ఆమె మనసు అందరి మనసులూ చేసే పనే చేసింది. ప్రతి గుర్తింపుతో, ప్రతి ఓదార్పు మాటతో, అప్పటికి కళ్లముందున్న కాటన్ ముఖం ఆ రాత్రి జ్ఞాపకంలో పాత ముఖం స్థానాన్ని ఆక్రమించింది. గ్యారీ వెల్స్, ఎమీ బ్రాడ్‌ఫీల్డ్ అనే పరిశోధకులు 1998లో తప్పు మనిషిని గుర్తించినవారిలో కొందరికి ‘మంచిది, అనుమానితుణ్ని గుర్తించారు’ అన్న ఒక్క మాట చెప్పారు. ఆ మాట విన్నవారిలో నమ్మకం పెరిగింది. అంతటితో ఆగలేదు. ఆ మనిషిని తాము ఎంత బాగా చూశామో, ఎంత శ్రద్ధగా గమనించామో అన్న లెక్కలు కూడా పెరిగాయి. తర్వాత అందిన ఒక్క మెచ్చుకోలు వెనక్కి వెళ్లి చూపును, అవధానాన్ని, జ్ఞాపకాన్ని మూడింటినీ తిరగరాసింది.

ఇదంతా విని ‘అయితే ఏ సాక్షినీ నమ్మకూడదా?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నమ్మాలి, కానీ నమ్మకం ఏ రోజుదో చూసి నమ్మాలి. జాన్ విక్స్‌టెడ్, గ్యారీ వెల్స్ 2017లో పాత పరిశోధనలన్నీ పరిశీలించి చెప్పింది అదే: సరైన పద్ధతిలో జరిపిన మొట్టమొదటి గుర్తింపులో సాక్షి చూపించే నమ్మకానికి నిజంతో గట్టి సంబంధం ఉంటుంది. నెలలు గడిచి, పదిసార్లు చెప్పి, పదిమంది మెచ్చుకున్నాక కోర్టులో చూపించే నమ్మకానికి ఆ విలువ లేదు. కాబట్టి వరుసలో అనుమానితుడు ఎవరో తెలియని అధికారే గుర్తింపు జరిపించాలి. నేరస్థుడు ఈ వరుసలో ఉండకపోవచ్చని సాక్షికి ముందే చెప్పాలి. వేలు చూపించిన ఆ నిమిషంలోనే, ఎవరూ ఏ మాటా అనకముందే, ఎంత నమ్మకంగా ఉన్నారో సాక్షి సొంత మాటల్లో నమోదు చేయాలి. సాధ్యమైతే వీడియో తీయాలి. ఖర్చు లేని పనులివి. కాటన్ ఫొటో ముందు ఆమె తటపటాయించిన ఆ కొన్ని నిమిషాలే కేసు మొత్తంలో అత్యంత విలువైన సాక్ష్యం. విచారణలో బరువు తూగింది మాత్రం ఆ తర్వాత పేరుకున్న నిశ్చయం.